నెత్తురు ఎక్కడ వెనక్కి మళ్ళింది?

(చీడికాడలో చేసిన స్మారకోపన్యాసం, అచ్చు పాఠం)

 

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన్ని ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. కాంపౌండరు గారు అంటే ఆయనే. నేనూ అలాగే అంటాను. ఆయన చేతుల మీదుగా జరిగిన పనిలో పెద్ద భాగం కాలి పుండ్లకు కట్లు కట్టడం. డాక్టర్లు బదిలీ అయ్యారు, కొత్త మందులు వచ్చాయి, ఆ పుండ్లు మాత్రం మానుతూ, మళ్ళీ లేస్తూ ఏళ్ళకేళ్ళు సాగాయి. అందుకే ఆయన పేరిట మాట్లాడమని అడిగినప్పుడు, అలాంటి పుండ్ల వెనక తరచు ఉండే, కాళ్ళ మీద తేలే నరాల గురించి మాట్లాడతానన్నాను. మీరు నరాలంటారు, వైద్యులు సిరలంటారు. ఆ సిరల్లో నెత్తురు ఏ దారిన వెనక్కి పారుతోందో కనిపెట్టి, దాన్ని ఒక తరగతిలో పెట్టే విద్య ఒకటుంది. నా మాటలన్నీ దాని గురించే.

ఇది వైద్యులు తమలో తాము మాట్లాడుకోవలసిన సంగతిలా వినిపించవచ్చు. కానీ కాలికి లేజర్ చేయించుకోమని ఎవరైనా చెప్పినప్పుడు ఏ సిరకు చేస్తారు, ఎందుకు దానికే చేస్తారు అన్న ప్రశ్నకు జవాబు ఈ విద్యలోనే ఉంది. ఆ జవాబు తెలియకుండా చేసిన వైద్యానికి డబ్బూ పోతుంది, కొన్నిసార్లు ఒక మంచి సిరా పోతుంది.

మన ప్రాంతంలో నిలబడి చేసే పనులు ఎక్కువ. చెరుకు నరకడం, గానుగ ఆడించడం, పెనం ముందు నిలబడి పాకం తిప్పడం, అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు మోయడం, నాట్ల రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బురదలో వంగి ఉండటం. ఊళ్ళో టైలరు, హోటల్లో దోసెలు పోసే మనిషి, బడిలో మాస్టారు. నిలబడటం ఒక్కటే సిరలు ఉబ్బే ఈ జబ్బు తెచ్చిపెడుతుందని చెప్పలేం. అమ్మానాన్నల నుంచి వచ్చిన లక్షణం, వయసు, కాన్పులు, ఒంటి బరువు అంతకంటే ముందు లెక్కలోకి వస్తాయి. నిలుపు దాన్ని ముదరబెడుతుంది. ఇది ఆడవాళ్ళ జబ్బు అన్న నమ్మకం కూడా పూర్తిగా సరైనది కాదు. ఎడిన్‌బరో నగరంలో 1990లలో 18 నుంచి 64 ఏళ్ళ వయసున్న 1566 మందిని పరీక్షిస్తే, పెద్ద సిరలు ఉబ్బినవాళ్ళు మగవాళ్ళలో 40 శాతం, ఆడవాళ్ళలో 32 శాతం తేలారు. ఆడవాళ్ళు ఆసుపత్రికి వచ్చి చెబుతారు, మగవాళ్ళు పంచె కిందో ప్యాంటు కిందో దాచుకుంటారు.

ముందు కాలి లోపలి ఏర్పాటు చూద్దాం. నెత్తురు గుండె నుంచి పాదానికి దిగడం తేలిక, తిరిగి పైకి ఎక్కడమే కష్టం. నిశ్చలంగా నిలబడిన మనిషికి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి దాదాపు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నాలుగడుగులు నడిస్తే పిక్క కండరం బిగిసి, సడలి, నెత్తుర్ని పైకి తోస్తుంది, ఒత్తిడి 30కి దగ్గరగా పడిపోతుంది. పైకి ఎక్కిన నెత్తురు మళ్ళీ కిందికి జారకుండా సిరల్లో పల్చటి కవాటాలు ఉంటాయి. అవి సరిగా మూసుకోకపోతే నడిచినా ఒత్తిడి తగ్గదు. పగలంతా ఆ ఒత్తిడిని మోసిన చర్మం మొదట వాస్తుంది, తరువాత గోధుమ రంగుకు, నలుపుకు తిరుగుతుంది, దురద పెడుతుంది, గట్టిపడుతుంది. చివరికి చిన్న గీత పడినా పుండవుతుంది.

సిరలు మూడు వరసల్లో ఉంటాయి. కండరాల మధ్య లోతు సిరలు. చర్మం కింద రెండు పెద్ద కాండాలు: చీలమండ లోపలి వైపు నుంచి తొడ లోపలి వైపుగా గజ్జ దాకా పోయేది పెద్ద సఫీనస్, బయటి చీలమండ వెనక నుంచి పిక్క మీదుగా మోకాలి వెనక దాకా పోయేది చిన్న సఫీనస్. ఈ కాండాల నుంచి చీలే కొమ్మలు మూడో వరస. మనకు కంటికి వంకరలు తిరిగి కనిపించేవి చాలావరకు ఈ కొమ్మలే. కాండం ఒక పొర చాటున ఉంటుంది కాబట్టి అది చెడిపోయినా పైకి అంతగా తేలదు. వీటన్నిటినీ లోతు సిరలతో కలుపుతూ, కండరపు పొరను దాటి పోయే అడ్డ సిరలు ఇంకొన్ని ఉంటాయి. వాటిని పెర్ఫొరేటర్లు అంటారు.

బొడ్డేరు మీద కట్టిన కోనం జలాశయం కింద సాగుచేసే రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. చివరి మడిలో నీరు నిలిచి పైరు కుళ్ళుతుంటే ఆయన ఆ నీళ్ళు తోడుతూ కూర్చోడు. గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు. ఏ తూము పాడైంది, ఎక్కడ గండి పడింది, ఈ నీరు మళ్ళీ ఏ బోదెలో కలుస్తోంది అని చూసుకుని అప్పుడు పార తీస్తాడు. కాలి విషయంలో కూడా అడగవలసిన ప్రశ్నలు అవే. వెనక్కి పారడం ఎక్కడ మొదలైంది? ఏ దారిన కిందికి దిగింది? ఎక్కడ మళ్ళీ లోతు సిరలో కలిసింది? ఈ మూడు జవాబుల కలయికే వర్గీకరణ.

ఈ ప్రశ్నలు వైద్యానికి ఒక్కసారిగా తట్టలేదు. 1603లో ఇటలీలోని పాడువాలో ఫాబ్రీసియస్ సిరల్లో కవాటాలున్నాయని బొమ్మలతో సహా అచ్చువేశాడు. అవి నెత్తురు కిందికి మరీ వేగంగా దిగకుండా ఆపుతాయని ఆయన అనుకున్నాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో ఆ కవాటాలు నెత్తురు ఒకే దిక్కుకు, గుండె వైపుకు, పోవడానికే ఉన్నాయని తేల్చాడు. 1846లో లండన్‌లో బ్రోడీ, 1890-91లో జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ ఒక సులువైన పరీక్ష చెప్పారు: రోగిని పడుకోబెట్టి కాలెత్తి సిరలు ఖాళీ చేయాలి, తొడ పైన నొక్కి పట్టుకుని నిలబెట్టాలి, అప్పుడు చేయి వదలాలి. పై నుంచి నెత్తురు జారితే గజ్జ దగ్గర కవాటం చెడినట్టు. ఆ గజ్జ దగ్గరి సిరను కట్టేసే శస్త్రచికిత్సకు ట్రెండెలెన్‌బర్గ్ పేరు స్థిరపడింది. మన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వార్డుల్లో చదువుకున్న ప్రతి వైద్యుడూ ఆ పరీక్ష చేసి చూపించినవాడే. నేను దాన్ని తక్కువ చేయను. చేతులతో కాలిని చదవడం నేర్పింది అదే. కానీ అది ఒక నమ్మకాన్ని కూడా నాటింది: జబ్బు ఎప్పుడూ గజ్జలోనే మొదలై కిందికి దిగుతుందని.

ఆ నమ్మకాన్ని కదిలించింది అల్ట్రాసౌండ్. 1980లలో రంగుల డాప్లర్ వచ్చాక లోపల నెత్తురు ఏ దిక్కుకు పోతోందో కంటితో చూడగలిగాం. ఈ పరీక్ష ఎలా చేయాలో మీకు చెప్పి తీరాలి, ఎందుకంటే సరిగా చేయని స్కాన్ వల్ల మోసపోయేది మీరే. మనిషి నిలబడి ఉండాలి. బరువు రెండో కాలి మీద వేసి, చూసే కాలిని కాస్త వంచి పక్కకు తిప్పి పెట్టాలి. స్కాన్ చేసే మనిషి పిక్కను నొక్కి వదులుతారు. నొక్కినప్పుడు నెత్తురు పైకి ఎగుస్తుంది. వదిలాక అది అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి పారితే పై సిరలో రిఫ్లక్స్ ఉన్నట్టు. తొడలోను, మోకాలి వెనకా ఉండే లోతు సిరలకు ఆ హద్దు ఒక సెకను. గజ్జ నుంచి చీలమండ దాకా ప్రతి భాగాన్నీ ఇలా విడివిడిగా చూడాలి. మంచం మీద పడుకోబెట్టి రెండు చోట్ల జెల్లు రాసి ముగించేది ఈ పరీక్ష కాదు. పడుకున్న కాల్లో వెనక్కి పారడం దాక్కుంటుంది.

ఇలా నిలబెట్టి వేల కాళ్ళు చూశాక తేలిన సంగతి ఏమిటంటే, దారులు అనేకం. జర్మన్ వైద్యుడు వోల్ఫ్‌గాంగ్ హాహ్ పెద్ద సఫీనస్ జబ్బును నాలుగు దశలు చేశాడు: గజ్జ దగ్గరే ఆగినది, తొడ దాకా దిగినది, మోకాలి కింది దాకా దిగినది, చీలమండ దాకా పూర్తిగా చెడినది. ఇది ఉపయోగమే, ఎంత దూరం సిరను మూయాలో చెబుతుంది. కానీ ఇందులోనూ మొదలు గజ్జే. 1997లో లాబ్రోపౌలోస్, ఆయన సహచరులు రిఫ్లక్స్ ఎక్కడ మొదలవుతుందని వెతికితే అది ఏ భాగంలోనైనా పుట్టగలదని, గజ్జ కవాటం బాగున్న కాళ్ళలో కూడా మోకాలి కింద పెద్ద సఫీనస్ చెడి ఉంటోందని కనిపించింది. బ్రెజిల్‌లో ఎంగెల్‌హార్న్ అనే వైద్యుడు ఉబ్బిన సిరలున్న స్త్రీల కాళ్ళను పరీక్షించి ఆరు నమూనాలు చేశాడు. గజ్జలో కాండం లోతు సిరతో కలిసే చోటు చుట్టూ మాత్రమే ఉండేది ఒకటి. గజ్జలో మొదలై మధ్యలో ఏదో కొమ్మలోకి తప్పుకునేది రెండోది. మధ్యలో పుట్టి చీలమండ దాకా దిగేది మూడోది. మధ్యలోనే పుట్టి మధ్యలోనే ఆగే ఒక్క ముక్క నాలుగోది. అలాంటి ముక్కలు రెండు మూడు విడివిడిగా ఉండేది ఐదోది. పై నుంచి కింది దాకా సిరంతా చెడినది ఆరోది. వీటిలో ఎక్కువగా కనిపించింది నాలుగో రకం. గజ్జ దగ్గర లీకున్న కాళ్ళు తక్కువ.

దీని అర్థం ఒక్క క్షణం ఆలోచించండి. నాలుగో రకం మనిషికి పాత అలవాటు ప్రకారం గజ్జలో కోసి కట్టేస్తే, ఆరోగ్యంగా ఉన్న కవాటాన్ని కట్టేసినట్టవుతుంది. లేదా ఆ సిర పొడవునా లేజర్ పెట్టి మూసేస్తే, మంచి భాగాన్ని కూడా కాల్చేసినట్టవుతుంది. గుండెకు బైపాస్ చేసేటప్పుడు కాలి నుంచి తీసి అతికించే సిర ఇదే పెద్ద సఫీనస్. నలభై ఏళ్ళకు దాన్ని అనవసరంగా పోగొట్టుకున్న మనిషికి అరవై ఏళ్ళకు దాని అవసరం రావచ్చు. మన జిల్లాల్లో షుగరు, గుండె జబ్బు ఎంత పెరిగాయో ఇక్కడ కూర్చున్న ప్రతి కుటుంబానికీ తెలుసు. ఆ సిర దాచుకోవలసిన సొత్తు.

ఫ్రాన్స్‌లో క్లోడ్ ఫ్రాన్సెస్కీ 1988లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఎక్కడ మొదలైంది అన్నదానితో ఆయన తృప్తిపడలేదు, ఎక్కడ తిరిగి లోపలికి పోతోంది అని అడిగాడు. ఆయన లెక్కలో లోతు సిర నుంచి కాండంలోకి జారి, ఆ కాండం మీదే ఉన్న పెర్ఫొరేటర్ గుండా తిరిగి లోపలికి పోయేది మొదటి రకం. గజ్జ బాగుండి, కాండం నుంచి కొమ్మలోకి మాత్రమే జారేది రెండో రకం. గజ్జ నుంచి కాండంలోకి, కాండం నుంచి కొమ్మలోకి, కొమ్మ నుంచి లోపలికి పోయేది మూడో రకం. ఇంకా ఉన్నాయి, అవి వైద్యులకు వదిలేస్తాను. మొదటి, మూడో రకాలను విడదీయడానికి ఆయన బాటలో నడిచినవాళ్ళు చేసే చిన్న పని నాకు చాలా ఇష్టం: కొమ్మ చీలే చోట వేలితో నొక్కి, పైన కాండంలో చూస్తారు. కాండంలో వెనక్కి పారడం ఆగిపోతే, దానికి దిగడానికి ఆ కొమ్మ తప్ప వేరే దారి లేదన్నమాట. అది మూడో రకం. అప్పుడు ముందు కొమ్మను సరిచేసి కాండాన్ని ఉంచవచ్చు. ఒక వేలు, ఒక యంత్రం. ఆ రెండూ కలిసి ఒక శస్త్రచికిత్సను సగానికి తగ్గించగలవు.

సిరను కాపాడే ఈ పద్ధతిలో జబ్బు తిరగబెట్టడం తక్కువన్న మాట మొదట్లో బలంగా వినిపించింది. తరువాత జరిగిన సమీక్షల్లో ఆ తేడా అంత స్పష్టంగా నిలవలేదు. ఫ్రాన్స్‌లోనే పాల్ పిట్టలూగా కొమ్మలను మాత్రమే తీసినా చాలామందిలో కాండం తనంతట తాను కోలుకుంటుందని 2009లో చూపించాడు. కాండాన్ని వేడితో మూయడమే మంచిదనే వైద్యులూ ఎంతోమంది ఉన్నారు, వాళ్ళ ఫలితాలూ బాగున్నాయి. ఈ వాదంలో నా తీర్పు ఇది: ఏ పద్ధతివారైనా సరే, ముందు దారి గీసి చూపించాలి. గీత లేకుండా ఎంచుకున్న పద్ధతి, అది ఎంత కొత్తదైనా, గుడ్డిదే.

ఇక ఆసుపత్రి కాగితాల మీద మీరు చూసే అక్షరాలు. 1994లో అమెరికాలో, హవాయి దీవుల్లో, వివిధ దేశాల వైద్యులు కూర్చుని సీప్ (సి, ఇ, ఎ, పి) అనే వర్గీకరణ తయారుచేశారు. 2004లో, 2020లో దాన్ని సవరించారు. అందులో సి అక్షరం కంటికి కనిపించేది: సి-1 సన్నని సాలెగూడు సిరలు, సి-2 మూడు మిల్లీమీటర్లు దాటి ఉబ్బినవి, సి-3 వాపు, సి-4 చర్మం రంగు మారి గట్టిపడటం, సి-5 మానిన పుండు, సి-6 మానని పుండు. తక్కిన మూడు అక్షరాలు కారణాన్ని, ఏ సిర అన్నదాన్ని, వెనక్కి పారడమా లేక అడ్డంకా అన్నదాన్ని చెబుతాయి. చాలా చీటీల మీద నాకు మొదటి అక్షరం మాత్రమే కనిపిస్తుంది. అది జబ్బు ఎంత ముదిరిందో చెబుతుంది, దారి మాత్రం చెప్పదు. తక్కిన మూడూ రాయని చీటీ సగం చీటీ.

ఆఖరి అక్షరం ఎందుకు ముఖ్యమో చెబుతాను. ఒకప్పుడు లోతు సిరలో గడ్డకట్టి దారి మూసుకుపోయిన మనిషికి, కాన్పు తరువాతో, పెద్ద ఆపరేషన్ తరువాతో అలా జరగవచ్చు, పై సిరలు ఉబ్బి నెత్తుర్ని పైకి మోస్తూ ఉంటాయి. అవే అతని కాలికి దిక్కు. వాటిని అందంగా లేవని తీసేస్తే కాలు ఇంకా వాచి, నొప్పితో నడవనివ్వదు. 1895లోనే పెర్థెస్ దీని కోసం ఒక పరీక్ష చెప్పాడు: తొడకు పట్టీ కట్టి నడిపించండి, సిరలు ఖాళీ అయితే లోపలి దారి బాగున్నట్టు, ఉబ్బి నొప్పి పుడితే ముట్టుకోవద్దని. ఎక్కువ కాన్పులైన స్త్రీలలో జబ్బు మూలం కాల్లో కాక పొత్తికడుపు సిరల్లో ఉండటం కూడా కద్దు. వాళ్ళకు కాల్లో ఎన్నిసార్లు చేసినా తిరగబెడుతుంది. గర్భంతో ఉన్నప్పుడు తేలిన సిరలు కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతాయి, తొందరపడకూడదు.

కాంపౌండరు గారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన కట్లు కట్టే పుస్తకంలో ప్రతి పుండు పక్కనా లోపలి చీలమండా, బయటి చీలమండా, పాదమా, అరికాలా అని ఒక్క ముక్క రాసుకునేవారు. ఎవరూ ఆయనకు అలా రాయమని నేర్పలేదు. లోపలి చీలమండ పైన పుండు అయితే అనుమానం పెద్ద సఫీనస్ మీదకు పోతుంది. బయటి వైపు పుండు అయితే చిన్న సఫీనస్ చూడాలి. అరికాల్లో అయితే షుగరో, కుష్ఠో చూడాలి. స్కాన్ ముఖం చూడని మనిషి వర్గీకరణలో మొదటి మెట్టు ఎక్కాడు.

మన చోట ఈ మెట్టు మరీ ముఖ్యం. పైన మాడుగుల కొండలు దాటితే ఏజెన్సీ. అక్కడ సికిల్ సెల్ జబ్బు ఉంది, దానివల్ల కూడా చీలమండ దగ్గరే మొండి పుండ్లు వస్తాయి. 1 జులై 2023న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద జరిగే రక్త పరీక్ష అలాంటి పుండున్న గిరిజన యువకుడికి ముందు చేయించాలి. ఇక్కడి పల్లపు ఊళ్ళలో బోదకాలు పాతకాలం నుంచీ ఉంది. సిరల వాపు సాధారణంగా రాత్రి పడుకుంటే పొద్దుటికి తగ్గుతుంది, ముదిరిన బోదవాపు అలా తగ్గదు, పాదం పై భాగం కూడా ఉబ్బుతుంది. రెండూ ఒకే కాల్లో ఉండవచ్చు కూడా.

సిరల వల్ల వచ్చిన పుండే అని తేలాక ఇక ఆలస్యం తగదు. 2004లో వెలువడిన బ్రిటిష్ అధ్యయనంలో కట్టుతో పాటు చెడిన పై సిరకు శస్త్రచికిత్స చేసినవారిలో ఏడాదిలోపు పుండు మళ్ళీ లేచింది 12 శాతం మందికి, కట్టు మాత్రమే కట్టినవారిలో 28 శాతం మందికి. 2018లో ఇంకొకటి వచ్చింది: రెండు వారాల్లోపు సిరను మూసినవారికి పుండు మానడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 56 రోజులు, ఆగినవారికి 82 రోజులు. కట్టు అక్కర్లేదని దీని అర్థం కాదు. కాలి వేళ్ళ మొదలు నుంచి మోకాలి కింది దాకా బిగువుగా కట్టిన కట్టే రెండు చోట్లా పునాది. అయితే ధమనుల్లో నెత్తురు సరిగా దిగుతోందో లేదో చూడకుండా గట్టి కట్టు కట్టకూడదు, షుగరున్నవారికి, పొగ తాగేవారికి ముఖ్యంగా.

ఒక ప్రాణం పోయే సంగతి చెప్పి ముగింపుకు వస్తాను. ఉబ్బిన సిర చిట్లితే నెత్తురు చిమ్ముతుంది. మనవాళ్ళు భయంతో తొడకు తాడు బిగిస్తారు. దానివల్ల నెత్తురు పైకి పోలేక ఇంకా ఎక్కువ కారుతుంది. వెంటనే పడుకోబెట్టండి, కాలు గుండె కంటే పైకి ఎత్తండి, చిట్లిన చోట శుభ్రమైన గుడ్డతో వేళ్ళు పెట్టి నొక్కి పట్టుకోండి. ఆగుతుంది. ఆ తరువాత ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

చోడవరం వెళ్ళినా, అనకాపల్లి వెళ్ళినా, విశాఖ వెళ్ళినా, లేజరుకు ఒప్పుకునే ముందు మూడు మాటలు అడగండి. స్కాన్ నన్ను నిలబెట్టి చేశారా? వెనక్కి పారడం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో కాలి బొమ్మ గీసి ఇస్తారా? నా లోతు సిరలు బాగున్నాయా? వైద్య విద్యార్థులారా, ఈ ప్రశ్నలు అడిగే మనిషిని విసుక్కోకండి. మీ చీటీ మీద ఆ బొమ్మ గీయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఏళ్ళుగా కట్టుతో నెట్టుకొస్తున్న కాలు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ నెలలోనే చూపించండి.